చార్లెస్టన్‌లో ఇద్దరికి మూడు రోజులు: చూడాల్సినవి, తినాల్సినవి, వదిలేయాల్సినవి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. అక్టోబర్‌లో పెళ్ళిరోజుకి షార్లెట్ నుంచి శుక్రవారం పొద్దున సౌత్ కరొలినాలోని చార్లెస్టన్‌కి బయల్దేరి, ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలి. రెయిన్‌బో రో, ఫోర్ట్ సమ్టర్, ఒక ప్లాంటేషన్ (బానిసలతో సాగు చేయించిన పాత ఎస్టేట్), ఏంజెల్ ఓక్ అనే పాత చెట్టు, యార్క్‌టౌన్ యుద్ధనౌక, వీలైతే ఒక పూట సవన్నా కూడా చూడాలి. మీరు అన్నీ తింటారు, మీ ఆవిడ గుడ్డు వరకే. ఆవిడకి అక్కడ తినడానికి ఏమైనా దొరుకుతుందా అన్నది మీ అసలు టెన్షన్.

ముందు సవన్నా తీసేయండి. వెళ్ళడానికి రెండు గంటలు, రావడానికి రెండు గంటలు. ఆ ఊరికి వేరే వీకెండ్ కావాలి. యార్క్‌టౌన్ కూడా ఈసారికి వద్దు. 1943 నాటి విమానవాహక నౌక, బాగుంటుంది, కానీ పూట గడిచిపోతుంది. పిల్లలున్నప్పుడు వెళ్ళొచ్చు. ఫోర్ట్ సమ్టర్ గురించి మాత్రం ఆలోచించి చెప్పాలి. 1861 ఏప్రిల్ 12న అమెరికా అంతర్యుద్ధం మొదలైంది అక్కడే, కాబట్టి పేరు పెద్దది. అది నీళ్ళ మధ్య ఉన్న కోట. పడవలో వెళ్ళి, చూసి, వెనక్కి రావడానికి రెండు గంటల పైనే పడుతుంది, రేవు దగ్గర ఎదురుచూపులు అదనం. మీ ఇద్దరిలో ఎవరికైనా యుద్ధ చరిత్ర పిచ్చి ఉంటే వెళ్ళండి. లేకపోతే ఊరి దక్షిణ కొసన, నీళ్ళ ఒడ్డున ఉన్న బ్యాటరీ అనే చోట గట్టు మీద నిలబడితే దూరంగా కనిపిస్తుంది, అది చాలు.

మేం కొలంబియాలో ఉంటాం. ఇండియా నుంచి ఎవరొచ్చినా రెండు గంటల డ్రైవ్ కాబట్టి చార్లెస్టన్ తీసుకెళ్తుంటాం. చాలామంది రంగురంగుల ఇళ్ళ ముందు ఫోటోలు దిగి, గుర్రపు బండి ఎక్కి, 'బాగుంది, చిన్న ఊరు' అని వచ్చేస్తారు. అందుకే ఎవరొచ్చినా నేను ఒక మాట చెప్తాను: ఈ ఊరిని బియ్యం కట్టింది. అది గుర్తుపెట్టుకుంటే చూసే ఇల్లు, కొనే బుట్ట, తినే ప్లేటు అన్నీ ఒకే కథలో పడతాయి. మన తెలుగువాళ్ళకి ఈ కథ ఇంకా బాగా ఎక్కుతుంది.

ఇంగ్లీషువాళ్ళు ఇక్కడ 1670లో దిగారు. యాష్లీ, కూపర్ నదుల మధ్య ఉన్న ఈ నేల ముక్కలోకి ఊరు 1680లో మారింది. కొన్నేళ్ళకే వరి పట్టుబడింది. సముద్రపు పోటు వచ్చినప్పుడు నదుల్లో పైకి ఎగదన్నే మంచినీటిని తూముల ద్వారా పొలాల్లోకి వదలడం, ఆటు సమయంలో తీసేయడం ఇక్కడి పద్ధతి. గోదావరి, కృష్ణా డెల్టాల వాళ్ళకి ఆ గట్లు, తూములు చూడగానే విషయం అర్థమైపోతుంది. ఆ గట్లు వేసింది, బురదలో నిలబడి నాట్లు, కోతలు చేసింది పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులు. సెనెగాంబియా, సియెర్రా లియోన్ ప్రాంతాల్లో అప్పటికే తరతరాలుగా వరి పండించేవాళ్ళున్నారు. వాళ్ళ చేతిపని మాత్రమే కాదు, వాళ్ళ తెలివి కూడా ఇక్కడికి వచ్చింది. ఆ తర్వాత నీలిమందు కూడా వేశారు, కానీ స్వాతంత్ర్యం వచ్చాక బ్రిటన్ ఇచ్చే ప్రోత్సాహపు సొమ్ము పోయింది, బ్రిటిష్‌వాళ్ళు నీలిమందుకి బెంగాల్ వైపు తిరిగారు. వరి మాత్రం అంతర్యుద్ధం దాకా రాజ్యమేలింది.

ఇప్పుడు మీ ప్రయాణం. శుక్రవారం షార్లెట్‌లో తొమ్మిదింటికి బయల్దేరితే పన్నెండున్నర, ఒంటిగంటకి వచ్చేస్తారు. హోటల్ వాళ్ళు గది ఎలాగూ మూడు, నాలుగింటి ముందు ఇవ్వరు. కాబట్టి ఊళ్ళోకి వెళ్ళకుండా తిన్నగా జాన్స్ ఐలాండ్‌లో ఉన్న ఏంజెల్ ఓక్ దగ్గరికి పొండి. నాలుగైదు వందల ఏళ్ళ చెట్టని అంచనా. ఎత్తు 65 అడుగులే, కానీ నీడ 17,000 చదరపు అడుగులు పరుచుకుంటుంది. కొన్ని కొమ్మలు నేలలోకి దిగి మళ్ళీ పైకి లేస్తాయి. టికెట్ లేదు. సాయంత్రం ఐదింటికల్లా గేటు మూసేస్తారు, ఆదివారం పొద్దున తీయరు, అందుకే శుక్రవారమే అంటున్నాను. అరగంట చాలు. అక్కడి నుంచి ఇంకా ముందుకి వెళ్తే వాడ్మలా ఐలాండ్‌లో తేయాకు తోట ఉంది. మున్నారో ఊటీయో చూసినవాళ్ళకి ఆ చదును నేల మీద తేయాకు పెద్దగా ఆనదు. నేనైతే దానికోసం అంత దూరం పోను.

హోటల్ ఊరి మధ్యలో, కింగ్ స్ట్రీట్‌కో మీటింగ్ స్ట్రీట్‌కో దగ్గర్లో తీసుకోండి. అక్టోబర్ వీకెండ్ రేట్లు చూసి గుండె గుభేలుమంటుంది, నిజమే. బ్రిడ్జి అవతల మౌంట్ ప్లెజెంట్‌లో చవక. కానీ రెండు రాత్రులే కాబట్టి, కారు ఒకసారి గరాజ్‌లో పెట్టేసి ఆదివారం దాకా తాళం ముట్టుకోకుండా ఉండటంలో ఉన్న సుఖం వేరు. డౌన్‌టౌన్‌లో డాష్ అని ఉచిత షటిల్ తిరుగుతుంది, కాళ్ళు నొప్పెడితే అది ఎక్కేయొచ్చు. ఒక జాగ్రత్త: ఆ సీజన్లో పౌర్ణమి, అమావాస్య పోట్లకి వాన లేకుండానే మార్కెట్ స్ట్రీట్ చుట్టుపక్కల రోడ్ల మీదికి నీళ్ళొస్తాయి. ముందురోజు టైడ్ టైమ్ చూసుకోండి. ఆ నీళ్ళలోంచి కారు పోనిచ్చారంటే కింద ఉప్పు పడుతుంది. తుఫాన్ల సీజన్ కూడా నవంబర్ చివరి దాకా ఉంటుంది కాబట్టి క్యాన్సిల్ చేసుకోగలిగే బుకింగే చేయండి.

శనివారం మొత్తం నడకే. మీ ఆవిడ పట్టుచీరలో ఫోటోలు దిగాలనుకుంటే ఏడున్నరకల్లా రెయిన్‌బో రోకి చేరండి. ఈస్ట్ బే స్ట్రీట్‌లో వరసగా ఉన్న 13 ఇళ్ళు అవి, తూర్పు ముఖంగా ఉంటాయి, కాబట్టి పొద్దుటి ఎండ నేరుగా పడుతుంది. తొమ్మిది దాటితే టూరిస్టు గుంపులు. వాటిలో మనుషులు కాపురం ఉంటున్నారు, మెట్లెక్కి కూర్చోకండి. చెప్పులు మాత్రం చదునైనవి వేసుకోమనండి. చామర్స్ స్ట్రీట్ లాంటి చోట్ల ఓడల్లో బరువు కోసం వేసి తెచ్చిన గుండ్రాళ్ళు పరిచారు, వాటి మీద హీల్స్ నిలవవు.

అక్కడి నుంచి దక్షిణంగా బ్యాటరీ గట్టు మీదుగా నడిచి, మీటింగ్ స్ట్రీట్ పట్టుకుని పైకి రండి. ఇళ్ళు చూస్తూ నడవండి. చాలా ఇళ్ళు వీధికి పక్క చూపిస్తూ నిలబడి ఉంటాయి: వెడల్పు ఒకే గది, పొడవు లోపలికి, పక్కన పొడుగూతా వరండా. వీధి తలుపు తీస్తే ఇంట్లోకి కాదు, వరండాలోకి వెళ్తాం. సముద్రపు గాలి వరండా మీదుగా గదుల్లోకి రావడానికే ఆ ఏర్పాటు. గోడల మీద అక్కడక్కడా గుండ్రటి ఇనప బిళ్ళలు కనిపిస్తాయి. 1886 ఆగస్టు 31 భూకంపం తర్వాత గోడలు విడిపోకుండా ఇంటి ఈ చివర నుంచి ఆ చివరకి బిగించిన కడ్డీల చివర్లు అవి. పాత ఇటుకల మీద వేళ్ళ గుర్తులు ఉంటాయి, గైడ్‌ని అడిగితే చూపిస్తారు. ఇటుకలు చేసిన బానిసల వేళ్ళు, కొన్ని పిల్లలవి.

గుర్రపు బండి గురించి అందరూ అడుగుతారు. ఎక్కండి, తప్పేం లేదు, కానీ ఏ వీధులు చూపిస్తారో బండివాళ్ళ చేతిలో ఉండదు. రద్దీ ఒకే చోట పడకుండా ఊరిని జోన్లుగా విడగొట్టి, బయల్దేరే ముందు లాటరీలో ఏ బంతి వస్తే ఆ జోన్‌కి పంపిస్తారు. రెయిన్‌బో రో చూపిస్తారని టికెట్ కొంటే ఇంకో వైపు వెళ్ళొచ్చు. మీరు ఎలాగూ నడుస్తారు కాబట్టి నేను ఆ డబ్బు తిండికి దాచుకోమంటాను.

మధ్యాహ్నం లోపల చూడటానికి పాత ఇల్లు ఒకటే ఎంచుకోవాలంటే ఐకెన్-రెట్ హౌస్ చూడండి. అందరూ నథానియెల్ రసెల్ హౌస్‌కి పంపిస్తారు, 1808 నాటి ఆ మెలికల మెట్లు ఏ స్తంభం లేకుండా మూడంతస్తులు పైకి వెళ్తాయి, అందంగానే ఉంటాయి. కానీ ఐకెన్-రెట్‌ని మెరుగులు దిద్దకుండా వదిలేశారు. పెచ్చులూడిన వాల్‌పేపర్, మాసిన గదులు, వెనక పెరట్లో వంటగది, గుర్రాల శాల, వాటి పైన బానిసలు పడుకున్న గదులు, అన్నీ ఉన్నవున్నట్టే. ఈ ఇంటి యజమాని విలియం ఐకెన్ రాష్ట్రానికి గవర్నర్‌గా చేశాడు. జెహోసీ ఐలాండ్‌లో వందలమంది బానిసలతో వరి పండించిన పెద్ద ప్లాంటర్ కూడా. ముందు హాల్లో షాండ్లియర్, వెనక పెరట్లో ఇరుకు గదులు ఒకే టికెట్లో చూస్తారు. బియ్యం డబ్బు ఎలా పారిందో ఆ రెండు చోట్ల మధ్య నడిస్తే తెలుస్తుంది.

తర్వాత సిటీ మార్కెట్. ఇక్కడ మనుషుల్ని అమ్మారని చాలామంది అనుకుంటారు, కాదు. ఇది మాంసం, కూరగాయల సంత. మనుషుల వేలం ఓల్డ్ ఎక్స్‌చేంజ్ అనే పాత భవనం పక్కన బహిరంగంగా జరిగేది, 1856లో ఊరివాళ్ళు దాన్ని నిషేధించాక లోపలి ఆవరణల్లోకి మారింది. అలాంటి ఒక చోటే చామర్స్ స్ట్రీట్‌లో ఇప్పుడు ఓల్డ్ స్లేవ్ మార్ట్ మ్యూజియం. చిన్నది, గంటలో అయిపోతుంది. మార్కెట్‌లో టీషర్టులు, అయస్కాంతాలు వదిలేసి గల్లా మహిళలు (ఆ బానిసల వారసులు) అల్లే స్వీట్‌గ్రాస్ బుట్టల దగ్గర ఆగండి. వెడల్పుగా, పళ్ళెంలా ఉన్నదాన్ని చూపించి ఇదేమిటని అడగండి. అది వడ్లు చెరిగే చేట. పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిన అల్లిక, ఇక్కడి వరి కళ్ళాల్లో 300 ఏళ్ళు బతికి, ఇప్పుడు గోడకి అలంకారమైంది. చిన్న బుట్టకే పదుల డాలర్లు, పెద్దవి వందల్లో ఉంటాయి. ఒక్కోటి అల్లడానికి రోజులు, వారాలు పడుతుంది. దయచేసి బేరం ఆడకండి, ఫోటో తీసేముందు అడగండి.

సాయంత్రం ముందు ఇంకో చోటు: గాడ్స్‌డెన్స్ వార్ఫ్ దగ్గర 2023లో తెరిచిన ఇంటర్నేషనల్ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం. బానిసల ఓడలు ఆగిన రేవు అదే. ఆ నేలని తొక్కకూడదని భవనాన్ని స్తంభాల మీద 13 అడుగులు పైకెత్తి కట్టారు. టికెట్ టైమ్ ముందే బుక్ చేసుకుంటే మంచిది. టైమ్ లేకపోతే కనీసం కిందనున్న తోట చూడండి, దానికి టికెట్ లేదు. నీటి తొట్టి అడుగున మనుషుల ఆకారాలు పక్కపక్కనే పేర్చినట్టు ఉంటాయి, ఓడలో వాళ్ళని పడుకోబెట్టిన తీరులో. నీళ్ళు వచ్చి వాటిని కప్పుతుంటాయి, పోతుంటాయి. పెళ్ళిరోజు ట్రిప్‌లో ఇవన్నీ ఎందుకని అనిపిస్తే మీ ఇష్టం. ఇవి చూడకుండా ఈ ఊళ్ళో మేడలు మాత్రం చూసి రావడం నాకు మనస్కరించదు.

ఇక తిండి. మీ ఆవిడ సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఈ ప్రాంతపు వంటలో కూరగాయలు బోలెడు: బెండకాయలు, అలసందలు, ఆకుకూరలు, చిక్కుడు గింజలు, చిలగడదుంపలు. మెనూ చూస్తే మన ఇల్లే అనిపిస్తుంది. కానీ కొలార్డ్ ఆకుకూరని పంది ఎముకతో ఉడికిస్తారు. అలసందలూ అన్నమూ కలిపిన హాపిన్ జాన్‌లో బేకన్ పడుతుంది. టమాటాలతో వండిన రెడ్ రైస్‌లో సాసేజ్. గ్రిట్స్‌ని, అంటే మొక్కజొన్న రవ్వని, కొన్నిచోట్ల చికెన్ స్టాక్‌లో ఉడికిస్తారు. బిస్కెట్లలో (ఇక్కడ బిస్కెట్ అంటే మెత్తటి బన్ లాంటిది) పంది కొవ్వు వేసేవాళ్ళున్నారు. 'వెజిటేరియనా?' అంటే అవునంటారు, అబద్ధం కాదు, వాళ్ళ లెక్కలో ఎముక మసాలా కిందే జమ. అందుకని విడివిడిగా అడగండి: బేకన్ ఉందా, హామ్ ఉందా, ఏ స్టాక్ వేశారు, లార్డ్ (పంది కొవ్వు) వాడారా, వేయించిన నూనెలో రొయ్యలు కూడా వేయించారా. రిజర్వేషన్ చేసేటప్పుడే నోట్‌లో రాసేయండి. మంచి రెస్టారెంట్లకి ముందే తెలిస్తే ఆ రోజు కూరగాయలతో విడిగా ప్లేటు చేసిపెడతారు, అప్పటికప్పుడు అడిగితే సలాడ్ చేతిలో పెడతారు.

ఆవిడకి బాగా కుదిరేవి: పచ్చి టమాటా ముక్కల్ని మొక్కజొన్న పిండిలో ముంచి వేయించిన ఫ్రైడ్ గ్రీన్ టమాటోస్, పిమెంటో చీజ్ (తీపి ఎర్ర మిరప కలిపిన చీజ్), టమాటో పై, మాక్ అండ్ చీజ్ (అమెరికా దక్షిణాదిలో దీన్ని కూరగాయల వరసలో రాస్తారు, నవ్వకండి), నువ్వులతో చేసే పల్చటి బెనె వేఫర్స్. ఆ నువ్వులు కూడా ఆఫ్రికా నుంచి వచ్చినవే. పొద్దున్న కింగ్ స్ట్రీట్‌లో క్యాలీస్ హాట్ లిటిల్ బిస్కెట్ దగ్గర వేడివేడి బిస్కెట్లు తినొచ్చు, చీజ్, బ్లాక్‌బెర్రీ లాంటివి ఉంటాయి.

మీకు మాత్రం పండగే. మొదటిరోజు రాత్రి ష్రింప్ అండ్ గ్రిట్స్ తినండి. ఈ గ్రిట్స్ మన ఉప్మా కంటే జారుగా, వెన్నతో ఉంటుంది. దాని మీద రొయ్యలు. షీ-క్రాబ్ సూప్ ఇక్కడి సొంత వంటకం: ఆడ పీతల గుడ్లు, క్రీమ్, చివర్లో షెర్రీ వైన్. క్వీన్ స్ట్రీట్‌లో 82 క్వీన్ దీనికి పేరు. ఒక కప్పు చాలు, బౌల్ తాగితే ఇంకేమీ ఎక్కదు. పంది మాంసం తింటే రాడ్నీ స్కాట్ బార్బెక్యూకి శనివారం మధ్యాహ్నం వెళ్ళండి. పందిని మొత్తంగా రాత్రంతా కట్టె నిప్పుల మీద కాల్చే పద్ధతి, 2018లో ఆయనకి అమెరికాలో వంటవాళ్ళకిచ్చే పేరున్న జేమ్స్ బియర్డ్ అవార్డు వచ్చింది. కారం, వెనిగర్ సాస్ మన నాలుకకి పడుతుంది. అక్కడ మీ ఆవిడకి పెద్దగా ఏమీ ఉండదు, ఆవిడ ముందే తినేసి రావాలి. ఊరివాళ్ళు తినే చోటు కావాలంటే హానిబల్స్ కిచెన్‌లో క్రాబ్ రైస్, ఇది వేపుడన్నమే, పీత మాంసంతో.

పెళ్ళిరోజు డిన్నర్‌కి ఫిగ్ గానీ హస్క్ గానీ, ఈ రెండు రెస్టారెంట్లలో ఒకటి ప్రయత్నించండి. నెల ముందు నుంచే చూస్తూ ఉండాలి. దొరక్కపోతే సరిగ్గా తెరిచే వేళకి వెళ్ళి బార్ దగ్గర సీట్లు అడగండి, ఇద్దరే కాబట్టి చాలాసార్లు దొరుకుతాయి. మెనూలో కరొలినా గోల్డ్ రైస్ కనిపిస్తే తప్పకుండా చెప్పండి. ఈ ఊరిని కట్టిన బియ్యం ఇదే, పొట్టు బంగారు రంగులో ఉంటుందని ఆ పేరు. 20వ శతాబ్దం మొదట్లో తుఫాన్లకి సాగు ఆగిపోయి దాదాపు కనుమరుగైతే, 1980లలో సవన్నాకి చెందిన ఒక కంటి డాక్టరు ప్రభుత్వ విత్తన భాండాగారం నుంచి గుప్పెడు విత్తనాలు తెప్పించి మళ్ళీ పండించాడు. ఆయనకి అసలు కావలసింది వేటకి బాతులు రావడం! మన సోనామసూరి అలవాటైన నోటికి కొంచెం బరువుగా, నట్స్ రుచితో ఉంటుంది. ఏ స్టాక్‌లో వండారో ఇక్కడా అడగాలి.

ఇంకోటి, కంట్రీ కెప్టెన్ అని ఎక్కడైనా కనిపిస్తే వదలకండి. కరివేపాకు లేని చికెన్ కూర, కర్రీ పౌడర్, టమాటా, కిస్‌మిస్, బాదంపప్పులతో, అన్నం మీద. ఇండియా నుంచి మసాలాలు తెచ్చిన ఓడ కెప్టెన్ నేర్పాడని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. రెస్టారెంట్లలో అరుదు, ఇళ్ళలో ఎక్కువ. స్వీట్‌కి పెనిన్సులా గ్రిల్‌లో 12 పొరల కొబ్బరి కేక్ ఉంటుంది. ఒక ముక్క ఇద్దరికీ ఎక్కువే.

ఆదివారం గది ఖాళీ చేసి మిడిల్‌టన్ ప్లేస్‌కి వెళ్ళండి. ప్లాంటేషన్లలో అందరూ బూన్ హాల్ అంటారు. 1743లో నాటిన ఓక్ చెట్ల దారి బాగుంటుంది, కానీ ఆ ఇల్లు 1936లో కట్టింది. మాగ్నోలియా ప్లాంటేషన్ అయితే వసంతంలో అజేలియాలు పూసినప్పుడు చూడాలి. మిడిల్‌టన్ తోటలు 1741లో మొదలయ్యాయి, నది వైపు మెట్లుమెట్లుగా దిగే గడ్డి దిబ్బలు, కింద సీతాకోకచిలుక రెక్కల ఆకారంలో రెండు చెరువులు. అసలు మేడని 1865లో యూనియన్ (ఉత్తరాది) సైన్యం తగలబెట్టింది, మిగిలిన గోడల్ని భూకంపం కూల్చేసింది, పక్క భవనం ఒక్కటి నిలబడింది. అక్కడ చిన్న వరి మడి, పాత రైస్ మిల్లు ఉన్నాయి. 19వ శతాబ్దంలో ఈ కుటుంబం వరి బురదలో పనికి గేదెల్ని కూడా తెప్పించుకుంది. మీ ఆవిడది పల్లెటూరైతే ఆ మడి దగ్గర మీకు గైడ్ అక్కర్లేదు.

దోమల మందు పట్టుకెళ్ళండి, అక్టోబర్‌లో కూడా నది ఒడ్డున కుడతాయి. మూడింటికల్లా బయటపడి, వెనక్కి డౌన్‌టౌన్ రాకుండా సమ్మర్‌విల్ మీదుగా ఐ-26 హైవే ఎక్కేయండి, ఊళ్ళో ఆదివారం ట్రాఫిక్ తప్పుతుంది. దారిలో గ్యాస్ స్టేషన్లలో ఉడికించిన పల్లీలు వేడిగా అమ్ముతారు. అందులో హామ్ రుచివి కూడా ఉంటాయి, మామూలువి అడిగి తీసుకోండి.